చూచి నేర్వవలసిన శాస్త్రం

"కారాలో పురుష బీజాశయ నిర్మాణాన్ని వర్ణింపుము" అంటే మన వృక్షశాస్త్ర విద్యార్థి తడుముకోకుండా రెండు పుటలు వ్రాయగలడు. ఆ మొక్కనే చేతికిచ్చి చూపమంటే తెల్లబోతాడు. పుస్తకంలోని పటాన్ని నోటుబుక్కులోకి దించడమే తప్ప వస్తువును చూడకపోవడమే దీనికి కారణం. ఈ పద్ధతి మారాలి.

తక్కిన శైవలాలలో పురుష బీజాశయం సాధారణంగా ఒకే కణం. సూక్ష్మదర్శిని లేనిదే కానరాదు. కారా సంగతి వేరు. చాలా జాతులలో కణుపుల వద్ద, స్త్రీ బీజాశయానికి దిగువగా, పండినప్పుడు నారింజ రంగు తిరిగే చిన్న గోళం కంటికే కనిపిస్తుంది. దానినే గ్లోబ్యూల్ అంటారు. దాని గోడ సాధారణంగా ఎనిమిది డాలు కణాల కూర్పు. ప్రతి డాలు నుండి లోపలికి ఒక పిడి, పిడి కొనన చిన్న తలవంటి కణం, అక్కడినుండి పెరిగే సన్నని తంతువులు. ప్రతి తంతుకణంలోను రెండు కశాభాలుగల ఒక్క పురుష బీజకణం. డాళ్లు విడివడగానే అవి వేలకొలదిగా నీటిలో ఈదిపోతాయి. ఇంతటి నిర్మాణంగల మొక్కను నిమ్నమని చులకన చేయడం తగదు. నేలపై మొక్కలు వెలువడిన వంశానికి కారా దగ్గరి చుట్టమని నేడు శాస్త్రజ్ఞులు అంగీకరించారు.

మనవంటి కళాశాలలో దీనికి మరొక ప్రాముఖ్యం ఉంది. ఉర్దూ మాధ్యమం నుండి వచ్చినవారు, తెలుగు మాధ్యమం నుండి వచ్చినవారు ఇక్కడ ఒకే బల్లవద్ద కూర్చుంటారు. మాన్యుబ్రియం, క్యాపిట్యులం అనే లాటిన్ మాటలు ఇరువురికీ పరాయివే. కనుక ఇరువురూ వల్లెవేస్తారు. కాని మాన్యుబ్రియమంటే పిడి, ఉర్దూలో దస్తా. క్యాపిట్యులమంటే చిన్న తల. వస్తువును ఒకసారి చూచినవానికి పేరు ఏ భాషలో చెప్పినా బోధపడుతుంది. చూడనివానికి మాతృభాషలో చెప్పినా అది ఒట్టి శబ్దమే.

పాఠ్యభాగం పూర్తిచేయడానికే కాలం చాలదని కొందరు అనవచ్చు. వారి మాటలో సత్యం లేకపోలేదు. అయితే 1855లో ప్రింగ్స్‌హైమ్ వౌచీరియా అనే శైవలంలో ఫలదీకరణాన్ని కనుగొన్నది ఓపికగా చూచినందువల్లనే. ఆయన చూచినదే నేడు మనకు పాఠమైంది. చూపు లేని చదువు పరీక్షతోనే ముగిసిపోతుంది.

కళాశాల కమిటీవారికి నా మనవి ఒక్కటే. వానలు వెనుకబడి చెరువు నీరు తేరిన తరువాత, ఏటా ఒక పూట విద్యార్థులను కారా పెరిగే చెరువు గట్టుకు పంపండి. కొన్ని గాజు సీసాలు, నాలుగు భూతద్దాలు చాలును. పటం ఆ తరువాత గీయవచ్చు.