తెర చూపుదాం, మౌస్ మాత్రం ఇవ్వొద్దు



2018లో ఇంటర్ చదువుకని రేకుపెట్టె, దుప్పటి పట్టుకుని ఈ హాస్టల్లో అడుగుపెట్టిన వాళ్ళం మేము. ఇప్పుడు పీజీ చదువుతున్నాం. మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి వాళ్ళం మేమే. చదువు విలువ గురించి, క్రమశిక్షణ గురించి ప్రతి వార్షికోత్సవ సంచికలో ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. మేము ఈసారి ఒక చిన్న విషయం రాస్తున్నాం. మన తెరను దూరాన ఉన్న మరొకరికి నెట్ ద్వారా చూపించడం, అంటే స్క్రీన్ షేరింగ్. చిన్న విషయమే అయినా మనలాంటి వాళ్ళ సీటూ, స్కాలర్‌షిప్పూ దానితో ముడిపడి ఉన్నాయి.

2020లో కరోనా వల్ల హాస్టళ్ళు మూసేశారు. మేమంతా ఊళ్ళల్లో ఉన్నాం. డిగ్రీ ప్రవేశాలకు దోస్త్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టాలి. ఏ కాలేజీ ముందు, ఏది తర్వాత అని ఇంట్లో అడుగుదామంటే చెప్పేవారు లేరు. మా బ్యాచ్‌లో ఒకతను మండల కేంద్రంలోని నెట్ సెంటర్‌కు వెళ్ళాడు. అక్కడాయన తనకు తోచిన వరుసలో ఆప్షన్లు పెట్టేసి, ప్రింటు చేతికిచ్చి డబ్బులు తీసుకున్నాడు. ఇంటికి అరవై కిలోమీటర్ల దూరంలో, అడగని గ్రూపులో సీటొచ్చింది. ఆ మిత్రుడు రెండో ఏడాదిలోనే చదువు మానేశాడు.

మిగతా కొందరికి ఈ హాస్టల్ సీనియర్ అన్న ఒకాయన దొరికాడు. జూమ్‌లో మా ఫోన్ తెర ఆయనకు చూపించాం. ఆయన చూస్తూ చెబుతుంటే మేమే నొక్కాం. "ఆ కాలేజీకి బస్సుందా? హాస్టల్ దగ్గరుందా? ఆలోచించి పైకి జరుపు" అనేవాడు. గంటన్నర పట్టింది. కానీ ఆ రోజు తర్వాత ఏ దరఖాస్తుకూ మేము ఇంకొకరి దగ్గరికి వెళ్ళలేదు.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1968 డిసెంబర్ 9న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఇంజినీరు, దాదాపు యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న సహచరుడితో కలిసి ఒకే తెర మీద పనిచేసి చూపించాడు. మౌస్‌ను నలుగురి ముందూ ప్రదర్శించింది కూడా ఆ సభలోనే. ఇద్దరు కలిసి ఆలోచించడానికి పుట్టిన పని ఇది.

అయితే మా తప్పు కూడా ఇక్కడ ఒప్పుకోవాలి. 2023లో ఐదుగురు తమ్ముళ్ళు స్కాలర్‌షిప్ దరఖాస్తుకు సాయం అడిగారు. తెర చూపించి నేర్పడానికి ఓపిక లేక, పాస్‌వర్డ్‌లు తీసుకుని మేమే నింపేశాం. పది నిమిషాల్లో పని అయిపోయింది. అందరూ మెచ్చుకున్నారు. మరుసటి ఏడాది ఆ ఐదుగురే మళ్ళీ ఫోన్ చేశారు. ఒకరికి పాస్‌వర్డ్ గుర్తులేదు. ఇంకొకరికి దరఖాస్తులో ఏ బ్యాంకు ఖాతా ఇచ్చామో తెలియదు. నెట్ సెంటర్ ఆయన చేసిందే మేమూ చేశామని అప్పుడు అర్థమైంది. తేడా ఒక్కటే, మేము డబ్బులు తీసుకోలేదు.

రెండో సంగతి ఇంతకంటే బాధాకరం. 2022లో మా మిత్రుడి నాన్నగారికి బ్యాంకు నుంచి అంటూ ఫోన్ వచ్చింది. కేవైసీ ఆగిపోయిందన్నారు. ఒక యాప్ వేయించి, అందులో వచ్చిన అంకెలు చెప్పమన్నారు. ఆయన చెప్పారు. ఆటో ఫైనాన్స్ కిస్తీ కోసం దాచిన పద్దెనిమిది వేలు పోయాయి. అంతకు మూడేళ్ళ ముందే, 2019 ఫిబ్రవరిలో, ఇలాంటి యాప్‌ల మోసాల గురించి రిజర్వ్ బ్యాంకు మిగతా బ్యాంకులను హెచ్చరించింది. ఆ హెచ్చరిక ఆటో స్టాండు దాకా రాలేదు.

కాబట్టి చూపించడం వేరు, అప్పగించడం వేరు. తెర చూపిస్తే అవతలివాళ్ళు చూస్తారు, నొక్కేది మనమే. రిమోట్ కంట్రోల్ ఇస్తే వాళ్ళే నొక్కుతారు. అలాగని చూపించడంలో ప్రమాదం లేదనుకోకూడదు. ఫోన్ మొత్తం తెర చూపిస్తున్నప్పుడు ఓటీపీ మెసేజ్ వస్తే అవతలివాళ్ళకూ కనబడవచ్చు. అందుకే మనం ఫోన్ చేసి పిలిచిన అన్నకే చూపించాలి, మనకు ఫోన్ చేసిన అపరిచితుడికి ఎన్నడూ చూపించకూడదు. పాస్‌వర్డ్, ఓటీపీ కొట్టే ముందు షేరింగ్ ఆపాలి. కంప్యూటర్లో అయితే మొత్తం తెర కాకుండా ఆ ఒక్క విండోనే ఎంచుకోవచ్చు. పొరపాటున మోసపోతే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

మా కోరిక ఒక్కటే. స్టడీ రూములో నెట్ ఉన్న ఒక్క కంప్యూటర్ పెట్టించండి. దరఖాస్తుల నెలల్లో ప్రతి ఆదివారం ఉదయం రెండు గంటలు, పూర్వ విద్యార్థుల్లో ఒకరు వంతులవారీగా అవతలి వైపు కూర్చుందాం. కంప్యూటర్ పెడితే పిల్లలు సినిమాలు చూస్తారని పెద్దలు అంటారు. చూడవచ్చు. అయితే సినిమాలు ఇప్పటికే ఫోన్లలో ఉన్నాయి, దరఖాస్తు నేర్పేవాళ్ళే లేరు. పైగా స్టడీ రూములో నలుగురి మధ్య జరిగే పని కనుక అందరికీ కనబడుతుంది. ఒకరి ఫారం చూసి నలుగురు నేర్చుకుంటారు.

అన్నలారా, రెండు గంటలు ఎక్కడి నుంచి తేవాలని మీకు అనిపించవచ్చు. మీరు హైదరాబాద్‌లో ఉన్నా, దుబాయ్‌లో ఉన్నా ఇందుకు సెలవు పెట్టి రానక్కరలేదు. వీడియో ఆపి తెర, మాట మాత్రం ఉంచితే డేటా కూడా ఎక్కువ ఖర్చవదు. కావలసింది కాస్త ఓర్పు. తమ్ముడు తప్పు చోట నొక్కబోతే "ఆగు, ఇంకోసారి చదువు" అనండి. "ఇలా ఇవ్వు, నేను చేస్తా" అనకండి.

తమ్ముళ్ళారా, ఇంగ్లీషు రాదని, టైపింగ్ నెమ్మదని, ఫోన్ పాతదని సిగ్గుపడి తెర దాచుకోకండి. అవతల కూర్చున్న అన్న కూడా ఈ హాస్టల్లోనే రేకుపెట్టె మీద పుస్తకం పెట్టుకుని చదివినవాడే. తెర ధైర్యంగా చూపించండి. మౌస్ మాత్రం ఎవరికీ ఇవ్వకండి. వచ్చే ఏడాది మీ తర్వాతి వాళ్ళకు మీరే చెప్పాలి.