నట్టింట్లో సముద్రం

నారింజ రంగు ఒళ్లు. దానిమీద మూడు తెల్లటి పట్టీలు. నీళ్లలో ఒయ్యారంగా ఊగుతూ ఈదే తీరు. 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' సినిమా పుణ్యమా అని క్లౌన్‌ఫిష్‌ని గుర్తుపట్టని పిల్లలు అరుదు. షాపులో అద్దాల తొట్టె ముందు నిలబడి 'నీమో కావాలి' అని మారాం చేస్తే ఏ తండ్రి మనసైనా కరుగుతుంది. చేప, తొట్టె, ఉప్పు ప్యాకెట్... అన్నీ ఆ సాయంత్రమే ఇంటికొచ్చేస్తాయి. వారం తిరక్కుండానే చేప నీళ్లమీద తేలుతుంది. షాపువాడు మోసం చేశాడని ఒకరు, దిష్టి తగిలిందని ఇంకొకరు. చాలాసార్లు అసలు కారణం రెండూ కాదు... తొందర!

గోల్డ్‌ఫిష్‌ని పెంచడం వేరు, పగడపు దిబ్బల చేపల్ని పెంచడం వేరు. చెరువు నీరు వానకీ ఎండకీ మారుతూనే ఉంటుంది. అక్కడి చేపలు ఆ మార్పులకు తట్టుకోగలవు. పగడపు దిబ్బల దగ్గర సముద్రం అలా కాదు. ఉప్పదనం, వేడి ఒక్కరోజులో పెద్దగా మారవు. ఆ నిలకడను ఓ గాజుతొట్టెలోకి తేవడమే అసలు పని. అందుకే ఈ సరదాలో తలపండినవాళ్లు ఒకటే మాట చెబుతారు... పెంచాల్సింది చేపల్ని కాదు, నీళ్లని!

వంటింటి ఉప్పు పనికిరాదు

'ఉప్పునీరేగా, డబ్బాలోంచి నాలుగు గుప్పిళ్లు వేస్తే పోలా' అనిపిస్తుంది. కుదరదు. వంటింటి ఉప్పు దాదాపుగా సోడియం క్లోరైడే. సముద్రంలో దాంతోపాటు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేట్లు, బైకార్బొనేట్లు తగిన పాళ్లలో ఉంటాయి. అవన్నీ కలిపిన 'మెరైన్ సాల్ట్' విడిగా దొరుకుతుంది. లీటరుకు సుమారు 35 గ్రాములు. అంటే 200 లీటర్ల తొట్టెకు ఏడు కిలోలన్నమాట! పాళ్లు కుదిరాయో లేదో చూడ్డానికి రిఫ్రాక్టోమీటర్ అనే చిన్న పరికరం ఉంది. అందులో సాపేక్ష సాంద్రత 1.025 దగ్గర ఉంటే సరి.

కలిపే నీరూ ముఖ్యమే. కుళాయి నీటిలోని క్లోరిన్ జీవులకు చేటు. బోరు నీటిలో ఉండే నైట్రేట్ల వల్ల నాచు ఏపుగా పెరుగుతుంది. అందుకే శుద్ధిచేసిన ఆర్వో నీరే మంచిది. విశాఖ, కాకినాడ వాళ్లకు సముద్రం పక్కనే ఉంది కదా అంటే... ఊళ్లకు దగ్గరగా ఉన్న తీరం నీటిలో మురుగు, నూనె కలిసే ప్రమాదం ఉంది. ఇంట్లో కలుపుకున్న నీరే నయం.

ఇంకో కిటుకు. తొట్టెలోంచి ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. కాబట్టి రోజూ తగ్గిన మేరకు మంచినీరే పోయాలి. ఉప్పునీరు పోస్తే నెల తిరిగేసరికి ఆవకాయ ఊటే!

తోడు పెట్టినట్టే

తొట్టె నిండింది, లైటు వెలిగింది. ఇక చేపను వదలడమేనా? కాదు, ఇప్పుడే నెలన్నర ఆగాలి. పాలు పెరుగవ్వాలంటే తోడు వేసి కదపకుండా ఉంచాలి కదా. తొట్టె కూడా అంతే. చేపల విసర్జన, మిగిలిపోయిన మేత కుళ్లి అమ్మోనియా పుడుతుంది. అది చేపకు విషం. ఒకరకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ ప్రమాదమే. మరోరకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. దీంతో ఇబ్బంది తక్కువ. ఈ కంటికి కనిపించని పనివాళ్లు రాళ్ల సందుల్లో, ఇసుకలో కాపురం పెట్టడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా వేసి, చిటికెడు మేతో కాస్త అమ్మోనియానో అందిస్తే తోడు పడుతుంది. పరీక్ష కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ పైకి లేచి, మళ్లీ సున్నాకు దిగాయంటే తొట్టె సిద్ధమైనట్టు. మొదటి చేప వారంలో పోవడానికి ఎక్కువ ఇళ్లలో కారణం ఈ నిరీక్షణ లేకపోవడమే.

తొట్టె ఎంత పెద్దదైతే అంత తేలిక. చిన్న తొట్టెలో ఒక్క చేప చచ్చినా, గ్లాసుడు నీరు ఆవిరైనా లెక్క తప్పుతుంది. కొత్తవాళ్లకు 200 లీటర్లు మంచి కొలత. రాళ్లు, ఇసుక, గాజుతో కలిపి బరువు 250 కిలోలు దాటుతుంది కాబట్టి మామూలు టీవీ స్టాండు దాన్ని మోయలేదు.

మే నెల పరీక్ష

ఈ నీటికి 25 నుంచి 27 డిగ్రీల వేడి చాలు. మన వేసవి అందుకు ఒప్పుకోదు. చిల్లర్ ఉంటే నిశ్చింతే కానీ ఖరీదెక్కువ. నీటి ఉపరితలం మీదకు చిన్న ఫ్యాన్ పెట్టినా రెండుమూడు డిగ్రీలు తగ్గుతుంది. అయితే నీరు తొందరగా ఆవిరవుతుంది కాబట్టి మంచినీరు పోయడం మరవకూడదు. కరెంటు పోతే వేడికన్నా ముందు ఆక్సిజన్ సమస్య. పంపులు ఆగితే నీటిలో కదలిక ఆగుతుంది, చేపలు ఊపిరాడక పైకొస్తాయి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉండాల్సిందే.

పగడాలు కొనొచ్చా?

పగడం రాయి కాదు, మొక్కా కాదు. వేలాది చిన్న జీవుల ఉమ్మడి కుటుంబం. వాటి ఒంట్లో ఉండే సూక్ష్మ శైవలాలు వెలుతురుతో ఆహారం తయారుచేసి పెడతాయి. వేడి పెరిగితే ఆ బంధం తెగి పగడం తెల్లబోతుంది.

అమెరికా లాంటి దేశాల్లో పగడపు ముక్కల్ని తొట్టెల్లోనే పెంచి, మందార కొమ్మలు పంచుకున్నట్టు పంచుకుంటారు. ఇక్కడ సంగతి వేరు. దిబ్బలు కట్టే పగడాలు, సముద్రపు విసనకర్రలు, సముద్రగుర్రాలు... వీటన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. సముద్రంలోంచి వీటిని తీయడం, అమ్మడం నేరం. 'లైవ్ రాక్' పేరుతో అమ్మే పగడపు రాళ్ల జోలికీ వెళ్లకూడదు. పింగాణీ, సిమెంటుతో చేసిన రాళ్లున్నాయి. బ్యాక్టీరియాకు అవే చాలు. 'విదేశీ సరుకు' అన్నా సరే, అనుమతి కాగితాలు చూపకపోతే వద్దనుకోవడమే మేలు. అనుమానముంటే అటవీ శాఖను అడగాలి.

చట్టం ఎందుకంత గట్టిగా ఉందో చెప్పే పాత కథ ఒకటుంది. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ అనే ఇంగ్లిష్ ప్రకృతి శాస్త్రవేత్త 'ది అక్వేరియం' అనే పుస్తకం రాశాడు. ఇంట్లో సముద్ర జీవుల్ని పెంచుకోవడం అక్కడ వేలంవెర్రి అయింది. జనం తీరానికి ఎగబడి రాతిగుంటల్లోని జీవుల్ని ఊడ్చుకెళ్లారు. ఆయన కొడుకు ఎడ్మండ్ 1907లో రాసిన పుస్తకంలో ఆ వినాశనాన్ని తలుచుకుని, తండ్రి ఊహించని ఆ అనర్థానికి ఆయన పుస్తకాలే కారణమయ్యాయని బాధపడ్డాడు. సముద్రాన్ని ప్రేమించినవాడి వల్లే తీరం బోసిపోయింది!

ఒక్కొక్కటిగా...

సముద్రపు అలంకార చేపల్లో అత్యధికం నేటికీ సముద్రంలో పట్టినవే. కొన్ని దేశాల్లో సైనైడ్ చల్లి మత్తెక్కించి పట్టే దురాచారమూ ఉంది. క్లౌన్‌ఫిష్ విషయంలో ఆ అవసరమే లేదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు వాటిని హేచరీల్లో పుట్టించే పద్ధతిని రూపొందించారు. 'తొట్టెలో పుట్టిందా, సముద్రంలో పట్టిందా' అని అడిగి కొనాలి. వాటికి సీ ఎనిమోన్ లేకపోయినా ఇబ్బంది లేదు. 'డోరీ'గా పేరుపడ్డ బ్లూ టాంగ్ మాత్రం అడుగు దాకా పెరుగుతుంది, ఇంటి తొట్టె దానికి చెర.

కొన్న చేపను నాలుగు వారాలు వేరే తొట్టెలో ఉంచి, తెల్లమచ్చల జబ్బు లేదని తేలాకే పెద్ద తొట్టెలోకి వదలాలి. ఒకటి కుదురుకున్నాకే ఇంకోటి. మేత రెండు నిమిషాల్లో తినేంతే. వారానికోసారి పదోవంతు నీరు మార్చాలి. చేయి పెట్టిన ప్రతిసారీ సబ్బుతో కడుక్కోవాలి. సముద్రపు రాళ్లను వేడినీళ్లలో మరిగించకూడదు. వాటిమీద ఉండే జోయాంథిడ్ అనే జీవుల్లో కొన్నిటిలో ప్రమాదకరమైన విషం ఉంటుంది.

సరదా తీరిపోతే? ఇంకొకరికి ఇవ్వాలి, లేదా షాపుకు తిరిగివ్వాలి. బీచ్‌లో మాత్రం వదలకూడదు. అమెరికా తూర్పు తీరంలో అక్వేరియంల నుంచి చేరిందని భావిస్తున్న లయన్‌ఫిష్ అక్కడి చిన్న చేపల్ని తినేస్తూ పెద్ద బెడదైంది.

ఇంత ఓపిక దేనికంటారా? తొందరపడిన ఇంట్లో వారం బతకని క్లౌన్‌ఫిష్, నీళ్లు కుదిరిన తొట్టెలో పదేళ్లకు పైగా బతుకుతుంది. జంట కుదిరితే రాతిమీద గుడ్లు పెడుతుంది. మగచేప వాటి పక్కనే ఉండి రెక్కలతో విసురుతూ కాపలా కాస్తుంది. ముందు ఆగాల్సింది నెలన్నరే!