పల్లెవాడి బొమ్మ – పట్నవాసి గోడ

మన బందరులోనూ భీమునిపట్నంలోనూ కోఠీలు కట్టుకుని బట్టల వర్తకం చేసిన డచ్చివారు, 17వ శతాబ్దంలో తమ దేశంలో ఏం చేస్తున్నారో తెలుసునా? ఇళ్ళనిండా బొమ్మలు కొని తగిలించుకుంటున్నారు! అంతకుముందు చిత్రకారుడికి చర్చీలే పెద్ద ఆసరా. కాల్విన్ మతం ప్రబలి, చర్చీల్లో బొమ్మలు కూడదన్నారు. చిత్రకారులు గృహస్థులను ఆశ్రయించారు. గృహస్థుకు దేవదూతలకంటె ఇరుగుపొరుగే ముద్దు. అందుచేత వంటిళ్ళు, పానశాలలు, పల్లెటూరి తిరునాళ్ళు బొమ్మలకెక్కాయి.

ఈమధ్య వాటి అచ్చుప్రతులు ముందేసుకు కూర్చుంటే నాకొక సందేహం కలిగింది. బొమ్మలో ఉన్నవాడు రైతు. కొన్నవాడు పట్నవాసపు షావుకారు. ఆ షావుకారు రైతును చూసి మెచ్చుకున్నాడా, నవ్వుకున్నాడా?

హార్లెం పట్టణంలో 1610లో పుట్టిన ఆడ్రియన్ వాన్ ఓస్టాడ్ సంగతే తీసుకోండి. నేతపనివాడి కొడుకు. తొలిరోజుల్లో అతను గీసినవి చీకటి కొట్టాలు, వాటిలో తాగి తందనాలాడే మొరటు మనుషులు, జుట్టూ జుట్టూ పట్టుకునే కొట్లాటలు. కొన్నవాడు ‘అమ్మయ్య, మనం ఇలా లేము గదా’ అని సంతోషించి ఉంటాడనిపిస్తుంది.

యాన్ స్టేన్ దారి వేరు. 1672లో లైడెన్‌లో పానశాల తెరవడానికి అనుమతి తెచ్చుకున్న మనిషి ఆయన. మన ‘ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా’ లాంటి సామెత ఒకటి వాళ్ళకూ ఉంది. దాన్ని బొమ్మకట్టి, కుర్రవాడికి పొగగొట్టం పీల్చడం నేర్పే తండ్రికి తన మొహమే పెట్టాడు! చిందరవందరగా ఉండే ఇంటిని డచ్చివారు ఈనాటికీ ‘యాన్ స్టేన్ సంసారం’ అంటారు. నవ్వితే నవ్వాడు గాని, తనను మినహాయించుకోలేదు.

ఇక ఓస్టాడ్ విషయం. వయసు వచ్చేకొద్దీ అతని బొమ్మల్లో కొట్లాటలు తగ్గాయి, కిటికీలోంచి వెలుతురు వచ్చింది. రాగిరేకు మీద యాభైదాకా బొమ్మలు చెక్కి అచ్చువేశాడు. తైలచిత్రం కొనలేనివారు కూడా కాగితం మీది అచ్చు కొనగలరు. 1648 నాటి ఒక బొమ్మలో పల్లెటూరి తండ్రి బిడ్డకు చెంచాతో తినిపిస్తుంటాడు. 1653 నాటి మరొక దానిలో ఒక పేద సంసారం అన్నం ముందు దేవుణ్ణి తలుచుకుంటుంది.

అదే పూరిల్లు, అవే విరిగిన బల్లలు. రైతేమీ ధనవంతుడు కాలేదు. చూసే కన్ను మారిందంతే. బిడ్డకు తినిపించే తండ్రిని చూసి ఏ షావుకారు నవ్వగలడు? అతని ఇంట్లోనూ అలాంటి పసివాడే ఉన్నాడాయె!

పల్లెటూరి బైతు వేషం వస్తే చాలు, మనమూ పకపకా నవ్వుతాం. నవ్వవద్దనను. ఆ గుంపులో మన మొహం కూడా ఉందేమో ఒకసారి వెతుక్కుని, ఆ తరువాత నవ్వుదాం.