పాసైతే చాలదు, లెక్కలు రావాలి

ఓవర్‌టైం చేసి మనం ఇంటికి పంపే డబ్బులో పెద్ద వాటా పిల్లల చదువులకే పోతోంది. అందులోనూ చాలామందిమి పిల్లల్ని చేర్పిస్తున్నది బీటెక్ కంప్యూటర్ సైన్సులో. ఫోన్లో మాత్రం మనం అడిగేవి రెండే ప్రశ్నలు: ఫీజు కట్టారా, సప్లీలు ఏమైనా ఉన్నాయా? 'కంప్యూటర్ కోర్సుకు లెక్కలెందుకు, పాసైతే చాలు' అని పిల్లలంటే మనమూ సరేనంటున్నాం. ఇది సరికాదు.

మొదటి రెండేళ్లలో వచ్చే లీనియర్ ఆల్జీబ్రా, డిస్క్రీట్ మ్యాథ్స్, ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్ ఊరికే పెట్టినవి కావు. 1998లో గూగుల్ ఏ పేజ్‌ర్యాంక్ పద్ధతితో మొదలైందో, అది మాత్రికల లెక్కే. 2024లో గేట్ పరీక్షలో కొత్తగా పెట్టిన డేటా సైన్స్, ఏఐ పేపరు సిలబస్‌లో మొదట ఉన్నవి ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్సే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మన సి.ఆర్.రావు 1945లో రాసిన పరిశోధనను ప్రపంచం ఇప్పటికీ వాడుకుంటోంది. 2023లో, 102 ఏళ్ల వయసులో, ఆయనకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది.

ఈ లెక్క మన సైటు పనిలోనూ ఉంది. మన దేశపు ఐఎస్ 456 ప్రకారం ఎం25 కాంక్రీటు అంటే, 28 రోజుల క్యూబు ఫలితాల్లో నూటికి ఐదుకు మించి 25 కంటే తగ్గకూడదు. అందుకే మిక్సు డిజైను 25కి చేయరు. స్టాండర్డ్ డీవియేషన్ 4 అనుకుంటే 25కి 1.65 రెట్ల 4 కలిపి, 31.6కి చేస్తారు. సూత్రం బట్టీ పట్టినవాడు 31.6 చెప్పగలడు. ఫలితాలు ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తుంటే సిమెంటు ఖర్చు ఎందుకు పెరుగుతుందో చెప్పాలంటే మాత్రం లెక్క అర్థమై ఉండాలి. ప్రోగ్రాం రాసే పిల్లలకూ అంతే. కంప్యూటర్ జవాబు ఇస్తుంది. ఆ జవాబును నమ్మొచ్చో లేదో తేల్చుకోవాల్సింది వాళ్లే.

పరీక్ష ముందు వారం రోజులు గైడు చదివి గట్టెక్కిన పిల్లలకు, తర్వాత అమీర్‌పేటలో డేటా సైన్స్ కోర్సు కోసం మళ్లీ మనమే డబ్బు కట్టాలి. అక్కడా లెక్కలే అడ్డమొస్తాయి.

కాబట్టి ఈ సెలవురోజు ఫోన్లో లెక్కల గురించి అడుగుదాం. క్లాసు సరిగ్గా జరుగుతోందా, ఏ పాఠం అర్థం కాలేదు అని అడుగుదాం. లెక్చరర్ లేకపోతే ఇంట్లోవాళ్లను కాలేజీకి పంపి అడిగిద్దాం. ఫీజు కట్టేవాళ్లం, ఆ హక్కు మనకుంది. ఐఐటీ ప్రొఫెసర్ల ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితంగా చూడొచ్చని కూడా చెబుదాం. మన చెమటతో కొన్న చదువు సర్టిఫికెట్ దగ్గరే ఆగిపోకూడదు.