గోడకున్న మర్యాద ఆడపిల్లకు లేదా?

 

గత మాసం ఒక శుక్రవారం జుమా నమాజు ముగిసిన పిమ్మట, ఒకప్పుడు నా వద్ద నాజిరా ఖుర్ఆన్ చదువుకున్న శిష్యుడొకడు నన్ను చూడవచ్చాడు. మన చీరాలలోనే చిన్న ఫొటో స్టూడియోతో బ్రతుకు ఆరంభించి, ఇప్పుడు హైదరాబాదుకు చెందిన ఒక పెళ్లి ఫొటోల బృందంలో రెండవ కెమెరా పట్టే స్థాయికి చేరుకున్నాడు. విదేశంలో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబం వారి వివాహం కోసం ఇటలీ దేశం వెళ్లి, పది రోజుల క్రితమే తిరిగివచ్చాడు. కుశల ప్రశ్నలు అయ్యాక తల వంచుకొని, "హజ్రత్, నా సంపాదన హలాలేనా?" అని అడిగాడు.

దూరదేశం వెళ్లి పెళ్లి చేసుకునే ఈ ఆచారం మన పాఠకులకు కొత్త కాదు. 2017 డిసెంబరులో క్రికెట్ ఆటగాడు విరాట్ కోహ్లీ, నటి అనుష్క శర్మల వివాహం ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో జరిగింది. మరుసటి సంవత్సరం నవంబరు 14, 15 తేదీలలో నటీనటులు దీపికా పదుకొణె, రణవీర్ సింగ్‌ల వివాహం కోమో సరస్సు ఒడ్డున ఒక పురాతన భవనంలో రెండు సంప్రదాయాల ప్రకారం జరిగింది. 2023 నవంబరు 1న తెలుగు సినీ నటుడు వరుణ్ తేజ్, లావణ్య త్రిపాఠిల వివాహం కూడా టస్కనీలోని బోర్గో శాన్ ఫెలిచే అనే పాత పల్లెలో జరిగింది. వారి వేడుక వారిది. దానిని విమర్శించడం నా ఉద్దేశం కాదు. అయితే పెద్దింటి పెళ్లిలో పుట్టిన అలవాటు ఐదేళ్లు తిరగకముందే చిన్నింటి గడప తొక్కుతుంది. ఇటలీ వెళ్లలేని వారు గోల్కొండకు, గండికోటకు వెళుతున్నారు. అక్కడికీ వెళ్లలేని వారు తెల్లవారుజామున మన వాడరేవు, రామాపురం సముద్రతీరాలకు వెళుతున్నారు. ఆ వెళ్లేవారిలో మన బిడ్డలూ ఉన్నారు. అందుచేతనే ఈ ప్రస్తావన.

ఒకప్పుడు ప్రయాణం ఇటు నుండి అటు కాక, అటు నుండి ఇటు సాగేది. చీరాలకు చేరువలో ఉన్న మోటుపల్లి రేవును, 13వ శతాబ్దం చివరిలో, ఇటలీలోని వెనిస్ నగరానికి చెందిన యాత్రికుడు మార్కో పోలో తన గ్రంథంలో ప్రస్తావించాడు. ఈ తీరంలో నేసే వస్త్రం సాలెగూటి దారమంత సన్నమైనదని కొనియాడాడు. మన నేతను చూడడానికి వారు వచ్చిన కాలం పోయి, వారి గోడల ముందు నిలబడడానికి మనం వెళ్లే కాలం వచ్చింది.

నా శిష్యుడు చెప్పిన వృత్తాంతం ఆసక్తికరంగా ఉంది. పెళ్లి రెండు చోట్ల జరిగిందట. మొదటిది టస్కనీ కొండల మీద, ద్రాక్షతోటల నడుమ ఉన్న రాతి పల్లె. మందపాటి గోడలు, చిన్న కిటికీలు, లోపల పట్టపగలే మసక చీకటి. పాత కుడ్యచిత్రాలున్న గదిలో ఫ్లాష్ వెలిగించవద్దన్నారట. కిటికీ నుండి పడే వెలుతురు చాలకపోతే వధువునే రెండడుగులు ముందుకు జరగమనాలి గాని, దీపం పెట్టకూడదు. రెండవది ఉత్తరాన సరస్సు ఒడ్డున ఉన్న భవనం. అక్కడ దీనికి పూర్తిగా విరుద్ధం. నీటి మీద నుండి తిరిగి వచ్చే ఎండ కళ్లు మిరుమిట్లు గొలుపుతుంది. తెల్లని పాలరాయికి తగినట్లు కెమెరాను సరిచేస్తే ఎర్ర పట్టుచీర నల్లబడుతుంది. చీరకు తగినట్లు సరిచేస్తే వెనుకనున్న పాలరాయి వెల్లగా మాసిపోతుంది.

ఆ సరస్సు గురించి అతడు చెబుతుంటే నాకు ఒక విషయం జ్ఞాపకం వచ్చింది. దీపికా, రణవీర్‌ల వివాహం జరిగిన విల్లా దెల్ బాల్బియానెల్లో భవనాన్ని 18వ శతాబ్దం చివరిలో ఒక కార్డినల్, అంటే క్రైస్తవ మతాధిపతి, కట్టించుకున్నాడు. అంతకు పూర్వం ఆ స్థలంలో ఫ్రాన్సిస్కన్ సన్యాసుల మఠం ఉండేది. ఆస్తి కూడబెట్టబోమని ప్రతిజ్ఞ చేసిన వారు ఆ సన్యాసులు. వారి చర్చి గోపురాలు నేటికీ అక్కడ నిలిచి ఉన్నాయి. దారిద్ర్యాన్ని వరించిన వారి గోపురాలు ఇప్పుడు సంపన్నుల పెళ్లి ఫొటోలకు వెనుక తెరలయ్యాయి. ప్రపంచం ఎలా తిరుగుతుందో చూడండి!

"ఏదీ, ఆ పెళ్లి ఫొటోలు చూపించు బేటా" అన్నాను. అతడు ఫోను తీసి రాతి తోరణాలు, మెట్లు, సరస్సు చూపించాడు. మనుషులు ఒక్కరూ లేరు. "పెళ్లివారి ఫొటోలు ఎవరికీ చూపించనని సంతకం చేశాను హజ్రత్. అంతే కాదు, అక్కడ గోడను ఫొటో తీయడానికి కూడా ముందుగా కాగితం పెట్టుకోవాలి" అన్నాడు.

అతడు చెప్పింది నిజమే. ఇటలీలో 2004లో చేసిన సాంస్కృతిక సంపద చట్టం ప్రకారం, ప్రభుత్వ సంస్థల అధీనంలోని చారిత్రక కట్టడాలను వ్యాపార నిమిత్తం ఫొటో తీయాలంటే ఆ సంస్థ అనుమతి పొందాలి, రుసుము చెల్లించాలి. మనిషి ముఖం విషయమైతే ఇంకా పాత చట్టమే ఉంది. సాధారణంగా ఒక వ్యక్తి చిత్రాన్ని ఆ వ్యక్తి సమ్మతి లేకుండా ప్రదర్శించరాదని, అమ్మరాదని 1941 నాటి వారి చట్టం చెబుతుంది. మన దేశంలో కూడా వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు ఇచ్చింది.

ఇంతవరకు చెప్పి నా శిష్యుడు మౌనం వహించాడు. తరువాత అసలు విషయం బయటపడింది. ఆరేళ్ల క్రితం అతడు మన ఊరిలోనే ఒక ముస్లిం కుటుంబం వారి నికాహ్‌కు ఫొటోలు తీశాడు. ఆ వధువు బుర్ఖా లేకుండా ఎన్నడూ గడప దాటని పిల్ల. ఆడవాళ్ల గదిలో ఆమె ముసుగు తీసిన వేళ తీసిన ఫొటో ఒకటి చాలా బాగా వచ్చింది. ఎవరినీ అడగకుండా దానిని తన ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాడు, దుకాణం ముందు ఫ్లెక్సీ మీద వేయించాడు. వారం తిరిగాక ఇషా నమాజు వేళ దాటిన పిమ్మట ఆ పిల్ల తండ్రి దుకాణానికి వచ్చాడు. ఒక్క కఠినమైన మాట అనలేదు. "మా అమ్మాయి మందుల షాపుకు వెళ్లడానికి కూడా సిగ్గుపడుతోంది బాబూ" అని మాత్రం అన్నాడు. ఫ్లెక్సీ ఆ రాత్రే దిగింది. కాని ఆ బొమ్మ అప్పటికే ఎన్ని ఫోన్లలోకి వెళ్లిందో ఎవరికి తెలుసు?

"ఇటలీలో గోడను అడిగి తీశాను హజ్రత్. మన ఊరిలో మన పిల్లను అడగలేదు" అన్నాడు. అతని కంట నీరు తిరిగింది.

సోదరులారా! అనుమతి కోరడం అనే మర్యాద మనకు ఏ దేశపు చట్టమో నేర్పవలసినది కాదు. దివ్య ఖుర్ఆన్‌లోని సూరయె నూర్ 27వ ఆయతులో, ఇతరుల ఇండ్లలో ప్రవేశించే ముందు అనుమతి పొంది సలాం చేయమని అల్లాహ్ ఆదేశించాడు. అటు తరువాత 30వ ఆయతులో విశ్వాసులైన పురుషులను, 31వ ఆయతులో స్త్రీలను చూపులు దించుకోమన్నాడు. మొదటి ఆదేశం పురుషులకని గమనించండి. సహీహ్ బుఖారీలో ఒక హదీసు ఉంది. ఒక వ్యక్తి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారి గదిలోకి కన్నం గుండా తొంగి చూశాడు. అప్పుడాయన తీవ్రంగా ఆగ్రహించి, అనుమతి కోరాలన్న నియమం ఏర్పడింది చూపు కోసమేనని తెలియజేశారు. అంటే కాలు లోపల పెట్టకపోయినా, కన్ను లోపల పెడితే ప్రవేశించినట్లే. ఇక కెమెరా అన్నది ఏమిటి? ఒకరి కన్ను కాదు. ఆ కన్ను వెనుక వేల కళ్లు ఉన్నాయి. అవి ఎన్నడూ మూతపడవు.

నికాహ్‌కే వధువు సమ్మతి కావాలి. కన్యను అడగనిదే ఆమె వివాహం చేయరాదని, సిగ్గుతో ఆమె మౌనం వహిస్తే అదే ఆమె అంగీకారమని హదీసు స్పష్టంగా చెప్పింది. ఆ మౌనానికి ఆ విలువ నికాహ్ విషయంలో దైవప్రవక్త (స) ఇచ్చారు. ఫొటోగ్రాఫర్ ముందు ఆమె మౌనాన్ని అంగీకారంగా తీసుకునే అధికారం మనకు ఎవరిచ్చారు? పెద్దలు ముందే నిర్ణయించేసిన చోట ఆ పిల్ల ఏమని నోరు విప్పుతుంది? ఆమె సమ్మతించినంత మాత్రాన పర్దా నియమం రద్దు కాదన్నది మరొక సంగతి. మహ్రమ్ కాని వారి కంటబడే చిత్రానికి ఆమె ఒప్పుకున్నా, ధర్మం ఒప్పుకోదు.

ఫొటో తీయడం ధర్మసమ్మతమేనా అన్న ప్రశ్న మీద ఉలమాల మధ్య భేదాభిప్రాయం ఉన్న మాట వాస్తవమే. ఈజిప్టు ముఫ్తీగా ఉండిన షేఖ్ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీఈ దానిని నీడను నిలిపి ఉంచడంగా భావించి అనుమతించారు. మన ఉపఖండంలో ముఫ్తీ ముహమ్మద్ షఫీ వంటి పెద్దలు ప్రాణుల చిత్రాలకు చెందిన నిషేధం దీనికీ వర్తిస్తుందన్నారు. మీరు ఏ పండితులను అనుసరిస్తారో వారి మాట వినండి. కాని పరస్త్రీ అలంకారాన్ని నలుగురి ముందు పెట్టడం, అప్పు చేసి ఆడంబరం చూపడం, నికాహ్ కాకముందే యువతీయువకులను చేయీ చేయీ పట్టించి సముద్రతీరాన నిలబెట్టడం, ఇవి తగవన్న విషయంలో ఈ ఇరువర్గాలకూ భేదం లేదు. ఈజాబ్, ఖబూల్ జరిగే దాకా వారు ఒకరికొకరు పరాయివారే.

కొందరు, "నికాహ్‌ను ప్రకటించమన్నారు కదా, ఫొటో కూడా ప్రకటనే కదా!" అంటారు. ప్రకటన వేరు, ప్రదర్శన వేరు. ఫలానావారి బిడ్డకు, ఫలానావారి బిడ్డకు వివాహం జరిగిందని ఊరికి తెలియడం ప్రకటన. ఆమె ఎలా ఉంది, ఎంత బంగారం పెట్టుకుంది, ఎంత ఖర్చయింది అని లోకం లెక్కించడం ప్రదర్శన. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వస్త్రం మీద పసుపు వర్ణపు సుగంధం మరక చూసి దైవప్రవక్త (స) విచారించగా, ఆయనకు వివాహమైందని తెలిసింది. మదీనాలోనే ఉన్న ప్రవక్తకు ఆ వివాహం గురించి అప్పటిదాకా తెలియదు! దానికి ఆయన నొచ్చుకోలేదు. బరకత్ కోసం దుఆ చేసి, ఒక్క మేకతోనైనా సరే, వలీమా ఇవ్వమన్నారు.

ఇటలీతో ముడిపడిన మన పూర్వీకుని ఉదంతం కూడా ఇక్కడ చెప్పుకోవాలి. అందులుస్‌కు చెందిన ఇబ్ను జుబైర్ హజ్ ముగించుకొని తిరిగి వెళుతూ 1184లో షామ్ తీరంలోని సూర్ పట్టణంలో ఒక క్రైస్తవ వివాహాన్ని చూశాడు. వధువు బంగారు జరీ పట్టు దుస్తులను, ఆమె మెల్లని నడకను, వాద్యాలను తన యాత్రాగ్రంథంలో కళ్లకు కట్టినట్లు వర్ణించాడు. వర్ణించి, ఆ దృశ్యంలోని ఫిత్నా నుండి అల్లాహ్ శరణు కోరాడు. అదే ఏడాది చివర ఆయన ఓడ ఇటలీ జలసంధిలో చిక్కుకొని, సిసిలీ ద్వీపం చేరాడు. అక్కడి పలెర్మో నగరంలో క్రైస్తవ స్త్రీలు సయితం ముస్లిం స్త్రీల వలె మేలిముసుగు ధరించి పండుగకు రావడం చూసి రాసిపెట్టాడు. మన ఆడవారి హయా చూసి ఒకనాడు ఇటలీ స్త్రీలు అలంకరించుకున్నారు. ఇక ఆ సూర్ పట్టణపు వధువు ఎవరో ఎనిమిది శతాబ్దాల తరువాత కూడా మనకు తెలియదు. వేడుక మిగిలింది, ఆమె మర్యాదా మిగిలింది.

ఇతరులకు నీతి చెప్పే ముందు నా తప్పు ఒప్పుకుంటాను. కొన్నేళ్ల క్రితం ఒక నికాహ్ చదివించి రిజిస్టరులో సంతకం చేశాను. "హజ్రత్, సరిగా రాలేదు, మళ్లీ ఒకసారి పెట్టండి" అన్నాడు ఫొటోగ్రాఫర్. సిరా ఆరిన సంతకం మీద ఉత్తి కలం ఆడించాను. దుఆ కోసం చేతులెత్తిన జనం అలాగే వేచి ఉన్నారు. నికాహ్‌కు ఇద్దరు సాక్షులు చాలు. మూడవ సాక్షి ఎదుట నేను నటించాను. అల్లాహ్ నన్ను క్షమించుగాక!

పెళ్లి ఉన్న ఇంటివారికి నా విన్నపం ఇది. ఫొటోలు తీయించదలచుకుంటే ముందుగా వధువును తల్లి ద్వారా ఏకాంతంలో అడగండి. వద్దంటే మరి ఆ మాట ఎత్తకండి. ఆడవారి పందిట్లో మగవారి కెమెరా ఉండరాదు; తప్పనిసరి అనుకుంటే స్త్రీ ఫొటోగ్రాఫరును పిలవండి. ఫొటోలన్నీ మనకు అప్పగించి తన వద్దనున్నవి చెరిపివేయాలని, ఎక్కడా ప్రదర్శించరాదని బయానా ఇచ్చేటప్పుడే కాగితం రాయించుకోండి. సంపన్నులు రాయించుకుంటున్నారు; పేదవారి బిడ్డ మర్యాద దానికి తక్కువ కాదు. వచ్చిన ఆడపడుచులను ఫోన్లు సంచిలో ఉంచమని ఇంటి పెద్దావిడ మెత్తగా కోరాలి. ఖుత్బా, దుఆ వేళ కెమెరా కోసం ఎవరూ ఆగరాదు.

ఇక నా శిష్యుని ప్రశ్న. "పని చేసి కూలి తీసుకున్నావు. అయితే అడగకుండా ఒకరి బిడ్డ ముఖాన్ని నీ దుకాణానికి బోర్డు చేసుకున్నావే, దాని వలన వచ్చిన బేరం గురించి భయపడు. ఇది హుఖూఖుల్ ఇబాద్, అంటే దాసుల హక్కు. నేను ఎన్ని దుఆలు చేసినా లాభం లేదు. అన్యాయానికి గురైనవారు క్షమించాలి" అని చెప్పాను.

అతడు తన తల్లిని వెంటబెట్టుకొని ఆ ఇంటికి వెళ్లాడని తరువాత తెలిసింది. అక్కడ ఏమి మాట్లాడుకున్నారో నేను అడగలేదు. తలుపు వెనుక జరిగినది తొంగి చూడరాదని చెప్పినవాడినే నేను.

మన ఇండ్లలో జరిగే ప్రతి నికాహ్‌ను అల్లాహ్ బరకత్‌తో నింపుగాక! మన బిడ్డల హయాను, మన కళ్లను కాపాడుగాక! ఆమీన్.