కడప, తిరుపతి ఎయిర్‌పోర్టుల మధ్య 128 కి.మీ.లే.. మరి మూడు గంటలు ఎందుకు?

కడప నుంచి విమాన సర్వీసులు తక్కువ. కావాల్సిన రోజు, కావాల్సిన ఊరికి టికెట్ దొరక్కపోతే చాలామంది తిరుపతి (రేణిగుంట) ఎయిర్‌పోర్టు వైపు చూస్తారు. పక్కనే కదా అని బయల్దేరేవాళ్లు ముందుగా లెక్కేసుకోవాల్సింది కిలోమీటర్లు కాదు, గంటలు.

అసలు దూరం ఎంత?

ఆకాశమార్గంలో నేరుగా కొలిస్తే సుమారు 128 కి.మీ. రోడ్డు మీద దాదాపు 140 కి.మీ. కడప ఎయిర్‌పోర్టు నగరానికి వాయవ్యంలో ఉంది. తిరుపతికి వెళ్లాలంటే ఆగ్నేయంగా సాగాలి. అంటే ముందు కడప దాటాలి. ఆ తర్వాత రాజంపేట, రైల్వేకోడూరు, బాలపల్లె అడవి మీదుగా ప్రయాణం. కారులో దాదాపు మూడు గంటలు పడుతుంది. లారీల రద్దీ ఉంటే ఇంకా ఎక్కువ.

రెండింటి మధ్య విమానం నడపొచ్చుగా?

ఏటీఆర్-72 లాంటి చిన్న విమానానికి గాల్లో పట్టేది పావుగంట, ఇరవై నిమిషాలే. కానీ గంటకు పైగా ముందే ఎయిర్‌పోర్టుకు చేరాలి. దిగాక బ్యాగుల కోసం ఆగాలి. అన్నీ కలిపితే రెండు గంటలు దాటుతుంది. ఇళ్ల నుంచి ఎయిర్‌పోర్టుకు పట్టే సమయం దీనికి అదనం. ప్రయాణికుడికి మిగిలేది పెద్దగా ఉండదు. పైగా టేకాఫ్‌కే ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది కాబట్టి ఎయిర్‌లైన్‌కూ గిట్టుబాటు కాదు.

2017 ఏప్రిల్‌లో ఉడాన్ పథకం మొదలైన రోజు ప్రారంభమైన సర్వీసుల్లో కడప–హైదరాబాద్ ఒకటి. అప్పటి ఉడాన్ ఛార్జీల పట్టిక కూడా 151 కి.మీ. నుంచే మొదలైంది. 128 కి.మీ.ల రూటుకు అందులో చోటే లేదు.

రైలు మేలా, బస్సా?

కడప, రేణిగుంట రెండూ ముంబై–చెన్నై ప్రధాన రైలు మార్గంలోనే ఉన్నాయి. ఎక్స్‌ప్రెస్‌లో రెండు నుంచి రెండున్నర గంటలు పడుతుంది. రేణిగుంట స్టేషన్ నుంచి ఎయిర్‌పోర్టు కొద్ది కిలోమీటర్లే, ఆటోలో వెళ్లొచ్చు. ఆర్టీసీ బస్సులో తిరుపతి బస్టాండ్ దాకా వెళ్తే మళ్లీ సుమారు 15 కి.మీ. వెనక్కి రావాలి. రైలు టైమింగ్ కుదిరితే అదే నయం. అయితే రైలు లేటైతే విమానం ఆగదు. విమానానికి ముందు వచ్చే చివరి రైలును నమ్ముకోవద్దు.

ఎప్పుడు బయల్దేరాలి?

సాయంత్రం 7 గంటలకు విమానం అనుకుందాం. దేశీయ సర్వీసుల్లో చెక్ఇన్ కౌంటర్ సాధారణంగా గంట ముందు మూసేస్తారు. 5 గంటలకల్లా అక్కడుంటే నిశ్చింత. అంటే కడప నుంచి కారులో మధ్యాహ్నం ఒకటిన్నరకే కదలాలి.

విమానం రద్దయితే?

డీజీసీఏ నిబంధనల ప్రకారం మరో విమానం లేదా రీఫండ్, రెండింటిలో ఏది కావాలో ఎంచుకునే హక్కు ప్రయాణికుడిదే. తిరుపతి నుంచి సీటు ఇస్తామంటే, అక్కడికి చేరే ఖర్చు ఎవరిదో ఒప్పుకోకముందే అడగండి. జవాబు మెసేజ్‌లోనో మెయిల్‌లోనో తీసుకోండి.

టికెట్ కొనేముందు ఇది చూడండి

తిరుపతి టికెట్ చౌకగా కనిపిస్తే దానికి క్యాబ్ ఛార్జీ, దారిలో గడిచే సమయం కలిపి కడప ధరతో పోల్చండి. రైల్వేకోడూరు వాళ్లకు తిరుపతే దగ్గర. రాజంపేట వాళ్లకు దూరంలో కడపే దగ్గరైనా, సర్వీసును బట్టి ఎటైనా వెళ్లొచ్చు. కడప నగరంలో ఉండేవాళ్లకు మాత్రం టికెట్‌లో మిగిలిన డబ్బు చాలాసార్లు రోడ్డు మీదే అయిపోతుంది.