సీపాప్ అమ్మేసి చేతులు దులుపుకుంటే ఎలా?

‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ పాటలతో తెలుగువాళ్లను ఊపేసిన బప్పీ లహరి 2022 ఫిబ్రవరి 15న ముంబయిలో కన్నుమూశారు. కారణం అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అని వైద్యులు చెప్పారు. గురకను గాఢనిద్ర అనుకునే ప్రతి ఇల్లూ గుర్తుపెట్టుకోవాల్సిన మాట అది.

ఈ జబ్బులో నిద్రపోతుండగా గొంతు మూసుకుపోయి, పదేపదే 10 సెకన్లకు పైగా ఊపిరి ఆగుతుంది. 1981లో ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివన్ పరిచయం చేసిన సీపాప్ యంత్రం, ముఖానికి పెట్టుకునే మాస్కు ద్వారా పంపే గాలి ఒత్తిడితో గొంతును తెరిచి ఉంచుతుంది. చిక్కంతా మాస్కుతోనే.

విజయవాడ ఉక్కలో చెమట పట్టి సిలికాన్ కుషన్ జారుతుంది. మీసం సందుల్లోంచి గాలి లీకవుతుంది. పట్టీలు బిగించేకొద్దీ ముక్కు దూలం ఒరుసుకుపోతుంది. పడుకున్నాక, గాలి వస్తుండగా పట్టీలు వదులు చేసి సర్దుకోవాలి. ముఖానికి నూనె, క్రీము ఉండకూడదు. నోరు ఎండిపోతుంటే హ్యూమిడిఫయర్ వాడాలి. అందులో డిస్టిల్డ్ వాటరే పోయాలి, బోరు నీళ్లయితే తెల్లగా పొర కడుతుంది. ఏసీ గదిలో గొట్టంలోకి నీళ్లు చేరితే తేమ తగ్గించాలి. ఊపిరాడనట్టుంటే ఒత్తిడిని మెల్లగా పెంచే ‘ర్యాంప్’ సదుపాయం ఉంది. పగలు టీవీ చూస్తూ కాసేపు పెట్టుకున్నా అలవాటవుతుంది.

ఇవేవీ చెప్పకుండా, యంత్రాన్ని అటకెక్కించిన రోగికి ఓపిక లేదనడం అన్యాయం. అమ్మేవాళ్లు రెండు మూడు రకాల మాస్కులు పెట్టి చూపించాలి, మొదటి నెలంతా ఫోన్ చేసి కనుక్కోవాలి. దివిసీమ రైతు ప్రతి లీకుకూ బెజవాడ బస్సెక్కలేడు. అవనిగడ్డ, గుడివాడ ప్రభుత్వాసుపత్రుల్లో మాస్కు సర్దడం నేర్చిన నర్సు ఒక్కరైనా ఉండాలి.